దీపానికి యాభై గొర్రెలు

చారిత్రకమైన గుడిలో, మసీదులో, చర్చిలో కాంతినీ వీడియోనూ కళాసామగ్రిగా వాడే పద్ధతి ప్రధానంగా మూడు రూపాల్లో కనిపిస్తుంది. మొదటిది, కట్టడం ముఖభాగాన్నే తెరగా చేసుకుని రాత్రిపూట బొమ్మలు, కథలు ప్రసరింపజేయడం. రెండోది, లోపలి ఖాళీలో కళాకారుడు దీపాలో తెరలో అమర్చి, ఆ చోటునే కళాకృతిగా మలచడం. మూడోది, అదనంగా ఏ బొమ్మా వేయకుండా, రాయీ శిల్పమూ కంటికి ఆనేలా వెలుగును తూచి పెట్టడం. తెలుగు రాష్ట్రాల్లో ప్రభుత్వాల మోజంతా మొదటి రూపం మీదే. రెండోది ఇక్కడ వేళ్లూనలేదు. మూడోది మాత్రం మన కట్టడాల్లో వందల ఏళ్లుగా ఉంది. దాన్ని కళగా లెక్కవేయడమే మనకు అలవాటు కాలేదు.

రాత్రిపూట కట్టడం మీద దీపాలు వెలిగిస్తూ, ఆర్పుతూ, దాని చరిత్రను వినిపించే ప్రదర్శన 1952లో ఫ్రాన్స్‌లోని షాంబోర్ కోటలో పుట్టింది. 1965లో ఢిల్లీ ఎర్రకోటకు, 1993లో గోల్కొండకు వచ్చింది. గోల్కొండ ప్రదర్శనకు అమితాబ్ బచ్చన్ గొంతు అరువిచ్చాడు. ఆ పాత పద్ధతిలో తెర లేదు, బొమ్మ లేదు. కథలో రాజు మాట్లాడే వేళకు ఒక కమాను వెలుగుతుంది, గుర్రాల డెక్కల చప్పుడు వినిపించే వేళకు బురుజు మీద ఎర్రదీపం పడుతుంది. మిగతాదంతా ప్రేక్షకుడే ఊహించుకోవాలి. శిథిలం తన పాత్ర తానే పోషించేది.

ఇప్పుడొచ్చిన ప్రొజెక్షన్ మ్యాపింగ్ దారి వేరు. కట్టడంలోని ప్రతి స్తంభాన్నీ, కిటికీనీ, చూరునూ కంప్యూటర్‌లో కొలిచి, ఆ కొలతలకు అచ్చంగా సరిపోయేలా వీడియో తయారుచేస్తారు. గోడ విరిగి పడుతున్నట్టు, స్తంభాలకు తీగలు అల్లుకుంటున్నట్టు, నీళ్లు కారుతున్నట్టు భ్రమ పుడుతుంది. గుజరాత్‌లోని మోఢేరా సూర్యదేవాలయంలో 2022 అక్టోబరులో సౌరవిద్యుత్తుతో నడిచే ఇలాంటి ప్రదర్శన ప్రారంభమైంది. పాత దీపం కట్టడాన్ని చూపించేది. కొత్త వీడియో కట్టడాన్ని కప్పుతుంది. ప్రదర్శన అయ్యాక ప్రేక్షకుడికి గుర్తుండేది గుడా, గ్రాఫిక్సా అన్నది అడగాల్సిన ప్రశ్న. జవాబు చాలాసార్లు గుడికి అనుకూలంగా రాదు.

కప్పకుండా చూపించడమూ ఇదే యంత్రంతో సాధ్యమేనని ఫ్రాన్స్‌లోని ఆమియాఁ కెథడ్రల్ నిరూపించింది. పదమూడో శతాబ్దపు ఆ చర్చి పడమటి ద్వారాల శిల్పాలను 1990లలో లేజర్‌తో శుభ్రం చేస్తుండగా మసి కింద పాత రంగుల ఆనవాళ్లు బయటపడ్డాయి. ఇవాళ బోసిగా కనిపించే ఆ రాతి బొమ్మలు ఒకప్పుడు నిండు రంగుల్లో ఉండేవన్నమాట. మళ్లీ రంగు పూయడం పరిరక్షణ నీతికి విరుద్ధం. అందుకని ఆ ఆనవాళ్ల ఆధారంగా ఏ సాధువు అంగీ నీలమో, ఏ దేవదూత రెక్క బంగారమో తేల్చి, ఆ రంగులను వెలుగుగా మార్చి శిల్పాల మీద ప్రసరింపజేశారు. గోడకు చుక్క రంగు అంటలేదు. దీపం ఆర్పితే రాయి రాయిగానే ఉంది. చరిత్ర పరిశోధన, యంత్రం, కళ మూడూ ఒకే గీత మీదికి వచ్చిన అరుదైన సందర్భం అది.

చర్చి లోపలికి వీడియోను తీసుకెళ్లిన కళాకారుల్లో ముందు చెప్పుకోవాల్సిన పేరు అమెరికాకు చెందిన బిల్ వయోలా. 1996లో ఇంగ్లండ్‌లోని డరమ్ కెథడ్రల్ పడమటి తలుపు దగ్గర ఆయన ఒక పెద్ద వీడియో ప్రదర్శించాడు. నీటి లోతుల నుంచి ఒక మనిషి నెమ్మదిగా పైకి తేలి, గుండెనిండా ఊపిరి పీల్చుకుని, మళ్లీ మునిగిపోతాడు. అంతే. ఆ మనిషి ఒంటి మీద బట్టలు లేకపోవడంతో వివాదం రేగింది. చూడదలచినవాళ్లకే కనబడేలా అడ్డుతెరలు కట్టాల్సి వచ్చింది. 2014లో లండన్ సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో ఆయనే నలుగురు అమరవీరుల వీడియోను నాలుగు నిలువు తెరల మీద దీర్ఘకాలం ఉండేలా అమర్చాడు. మట్టి, గాలి, నిప్పు, నీరు ఒక్కొక్కరిని ఒక్కోలా పరీక్షిస్తాయి. నిడివి ఏడు నిమిషాలు, శబ్దం లేదు. శబ్దం లేకపోవడమే అందులోని తెలివి: పక్కన ప్రార్థన జరుగుతున్నా అది అడ్డు రాదు. మన ఉత్సవ కమిటీలకు ఈ ఒక్క సంగతి చేరినా చాలా మేలు.

మిలాన్ నగరంలో 1930ల నాటి ఒక పేట చర్చికి జనం రాకపోకలు తగ్గిపోతే, అక్కడి పాదిరి జూలియో గ్రేకో అమెరికన్ కళాకారుడు డాన్ ఫ్లావిన్‌ను ఆహ్వానించాడు. ఫ్లావిన్ వాడింది బజారులో దొరికే ట్యూబులైట్లు. ఆకుపచ్చ, నీలం, గులాబీ, బంగారు రంగు, అతినీలలోహిత కాంతులు గుమ్మం నుంచి బలిపీఠం దాకా లోపలి ఖాళీని నింపుతాయి. నమూనా పూర్తిచేసిన కొద్దిరోజులకే, 1996 నవంబరులో ఆయన కన్నుమూశాడు. దీపాలు 1997లో వెలిగాయి. బెర్లిన్‌లోని డొరొథీన్‌స్టాట్ శ్మశానవాటిక ప్రార్థనామందిరంలో జేమ్స్ టరెల్ కాంతి సంస్థాపన 2015 నుంచి ఉంది. సూర్యాస్తమయం వేళ, బయటి వెలుగు తగ్గేకొద్దీ లోపలి రంగు మారుతూ వస్తుంది. ఈ ముగ్గురి పనుల్లోనూ సామాన్యంగా కనిపించేది ఒకటుంది: ఆయా భవనాల లోపల ముందే ఉన్న చీకటినీ, నిశ్శబ్దాన్నీ, జనం నడిచే దారినీ వాళ్లు లెక్కలోకి తీసుకున్నారు. బొమ్మ తర్వాత వచ్చింది.

ఆ లెక్క తెలుగు నేలకు కొత్తది కాదు. హైదరాబాద్ పాతబస్తీలోని మొహర్రం సంతాప మందిరం బాద్‌షాహీ ఆషూర్‌ఖానా చార్మినార్ కట్టిన కాలానిదే. పదహారో శతాబ్దం చివర మహమ్మద్ కులీ కుతుబ్‌షా దాన్ని కట్టించాడు. గోడల మీది మీనాకారీ పలకల పని 1611 నాటికి పూర్తయింది. కుతుబ్‌షాహీల కాలంలో మొహర్రం మొదటి రాత్రి వెయ్యి దీపాల వరుస ఒకటి వెలిగించేవారనీ, రోజుకో వరుస పెంచుకుంటూ పోగా పదో రాత్రికి పదివేల దీపాలు వెలిగేవనీ చరిత్రకారులు రాశారు. కర్బలా విషాదం పదిరోజుల పాటు ముదురుతూ పోవడాన్ని దీపాల సంఖ్యతో చెప్పిన అమరిక అది. కాలంతో పాటు మారే కాంతి సంస్థాపన అని కళావిమర్శకులు ఇవాళ దేన్ని అంటున్నారో, దానికి ఇంతకంటే తేటైన ఉదాహరణ దొరకదు. 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమయ్యాక ఆ వైభవం ఆగింది. అసఫ్‌జాహీల కాలంలో ఆషూర్‌ఖానాను తిరిగి తెరిచారు. 1908 మూసీ వరద గోడల కింది పలకలను పాడుచేసింది. ఆ భాగాల్లో ఇప్పుడు కనిపించేది పలక కాదు, రంగుపూత.

గుళ్ల సంగతి ఇంకా లోతైనది. నల్లగొండ దగ్గర పానగల్లులోని ఛాయా సోమేశ్వరాలయం కందూరు చోళుల నాటి త్రికూటాలయం. అంటే ఒకే మండపం చుట్టూ మూడు గర్భగుళ్లు. వాటిలో ఒకదాంట్లో శివలింగం వెనుక గోడ మీద ఒక స్తంభం నీడ పొద్దున్నుంచి సాయంత్రం దాకా కదలకుండా నిలిచి ఉంటుంది. సూర్యుడు కదులుతున్నా నీడ కదలదేమని భక్తులు ఆశ్చర్యపోతారు. భౌతికశాస్త్రం చెప్పే కారణం సరళమైనది. గర్భగుడిలోకి నేరుగా ఎండ రాదు. ఆకాశం నుంచీ, నేల నుంచీ చెదిరి వచ్చే వెలుగు మండపం పక్కల ఖాళీల్లోంచి లోపలికి చేరుతుంది. ఆ ఖాళీల చోటు మారదు గనుక వెలుగు వచ్చే దిక్కూ మారదు. దిక్కు మారకపోతే స్తంభం నీడా మారదు. దీన్ని స్థపతి తెలిసే చేశాడా, కుదిరిందా అన్న వాదన ఎటు తేలినా, ఆ గుడికి పేరు తెచ్చింది నీడే.

శ్రీకాకుళం జిల్లా అరసవల్లిలో వెలుగు ఏడాదికి రెండుసార్లు అతిథిగా వస్తుంది. మార్చి రెండోవారంలో, మళ్లీ అక్టోబరు మొదటి రోజుల్లో ఉదయపు కిరణాలు అనివెట్టి మండపం మీదుగా వచ్చి సూర్యనారాయణస్వామి పాదాలను తాకుతాయి. ఈ రెండు తేదీలే ఎందుకంటే, ఉత్తరాయణంలో పైకి వెళ్లేటప్పుడొకసారి, దక్షిణాయనంలో దిగేటప్పుడొకసారి సూర్యుడు తూర్పు దిగ్మండలంలో ఇంచుమించు ఒకే బిందువు దగ్గర ఉదయిస్తాడు. మబ్బు పట్టిన ఏడాది భక్తులు ఉసూరుమంటూ వెనుదిరుగుతారు. తిరుపతి జిల్లా నాగలాపురం వేదనారాయణస్వామి గుడిలో మార్చి నెలలో కిరణాలు తొలిరోజు పాదాలకు, మలిరోజు నాభికి, మూడోరోజు శిరస్సుకు చేరతాయి. ఈ పద్ధతికి ఆధునిక రూపం అయోధ్యలో 2024 శ్రీరామనవమి నాడు కనిపించింది. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ, బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ కలిసి అద్దాలు, కటకాలతో మధ్యాహ్నపు ఎండను బాలరాముడి నుదుటికి మళ్లించాయి. అద్దాలతో చేసినదాన్ని విజ్ఞానమని మెచ్చుకున్నవాళ్లు, గుమ్మాల వరుసతోనే అదే పని చేసిన అరసవల్లిని వింత అనేసి ఊరుకోవడం ఏమంత న్యాయం కాదు.

హైదరాబాద్ ఉత్తర శివారున, మేడ్చల్ మండలంలోని రావల్కోల్ నుంచి చూస్తే, అందుబాటులో ఉన్న, వెలుగుతో చేసిన కళ అనదగ్గ పెద్ద పని మెదక్ చర్చిలో ఉంది. నాగపూర్ రోడ్డు ఎక్కి తూప్రాన్ వైపు వెళ్లి, అక్కణ్నుంచి వాయవ్యంగా మళ్లితే సుమారు గంటన్నర ప్రయాణం. ఛార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మిషనరీ కరువు రోజుల్లో జనానికి పని, తిండి దొరుకుతాయని 1914లో కట్టడం మొదలుపెట్టించాడు. 1924 డిసెంబరు 25న చర్చిని ప్రతిష్ఠించారు. వందేళ్ల పండగ 2024 క్రిస్మస్‌కు జరిగింది. గోపురం ఎత్తు సుమారు 175 అడుగులు, లోపలి పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు. నల్గురూ చెప్పుకునేది ఈ కొలతల గురించే. అసలు చూడాల్సినవి మూడు రంగుటద్దాల కిటికీలు.

బ్రిటిష్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపకల్పన చేసిన ఈ కిటికీల్లో క్రీస్తు స్వర్గారోహణం 1927లో, జననం 1947లో, శిలువ ఘట్టం 1958లో అమరాయి. గోడకు వేసిన చిత్రాల్లా కనిపించినా, వాటి పని వేరు. గోడ మీది చిత్రం తన మీద పడ్డ వెలుగును తిప్పికొడుతుంది. గాజుచిత్రం తనలోంచి వెలుగును పోనిస్తుంది. రంగు గాజులోనే ఉంటుంది. ముఖాల గీతలు, బట్టల మడతలు నల్లని పూతతో గీసి కొలిమిలో కాల్చినవి. ముక్కకూ ముక్కకూ మధ్య సీసపు పట్టీ ఉంటుంది. దగ్గరికెళ్లి చూస్తే ఆ పట్టీలే ముందు కంటబడతాయి. పదడుగులు వెనక్కి జరిగితే అవి బొమ్మ గీతల్లో కలిసిపోతాయి. పొద్దెక్కేకొద్దీ ఒక నీలం లేత పడుతుంది, ఒక ఎరుపు మండుతుంది. మబ్బు కమ్మితే మొత్తం చిత్రం ఒక్క మెట్టు దిగుతుంది. కదలని బొమ్మే అయినా రోజంతా మారుతూ ఉంటుంది కాబట్టి దీన్ని వీడియోకు పూర్వీకురాలు అనవచ్చు. పొద్దుగూకాక ఈ కిటికీలు లోపలివాళ్లకు నల్లటి పలకలు. లోపల దీపాలు వేస్తే బొమ్మ బయటివాళ్లకే కనిపిస్తుంది. బయటి నుంచి ఫ్లడ్‌లైట్ వేసి రాత్రి కూడా వెలిగించవచ్చు కదా అనిపించడం సహజం. కానీ కదలని దీపం వెనుక పెడితే దక్కేది ఒక ప్రకటన బోర్డు. పగటి మార్పు అంతా పోతుంది.

కాకతీయుల గుళ్ల విషయానికి వచ్చేసరికి రాయి రంగే మొదటి షరతు పెడుతుంది. యూరప్‌లో ప్రొజెక్షన్ అంత బాగా పండటానికి అక్కడి చర్చిల లేతరంగు సున్నపురాయి ఒక ముఖ్య కారణం. అది తెల్లగోడలా వెలుగును తిప్పి పంపిస్తుంది. రామప్ప, వేయిస్తంభాల గుడుల్లోని నున్నటి నల్లరాతి స్తంభాల మీద అదే వీడియో వేస్తే చాలా వెలుగును రాయి మింగేస్తుంది, మిగిలింది అద్దంలా మెరిసి కళ్లలో కొడుతుంది. ప్రొజెక్టర్ బలం పెంచడమే దీనికి గుత్తేదార్లు చూపే మందు. చార్మినార్, కుతుబ్‌షాహీ సమాధుల సంగతి వేరు. అక్కడ సున్నం, గచ్చు పని ఉంది గనుక బొమ్మ నిలుస్తుంది. హైదరాబాద్‌లో కుదిరింది కదా అని రామప్ప గుడి ఉన్న పాలంపేటలో అదే టెండరు వేస్తే కుదరదు.

నల్లరాతి శిల్పానికి సరిపడేది వాలు వెలుగు. దీపాన్ని ఎదురుగా పెడితే నీడలన్నీ శిల్పం వెనక్కి పోయి బొమ్మ చప్పగా కనిపిస్తుంది. అదే దీపాన్ని పక్కకు, గోడకు దగ్గరగా, తక్కువ కోణంలో పెడితే ప్రతి ఉలిదెబ్బా నీడ వేస్తుంది. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడిలో రంగమండపానికి మూడు వైపుల గుమ్మాలున్నాయి. వాటిలోంచి వచ్చే పగటి వెలుగు పక్కవాటుగానే స్తంభాల మీద పడుతుంది. మెరుగుపెట్టిన ఆ స్తంభాలు వెలుగును గర్భగుడిలోకి పంపుతాయనీ, పగలు అక్కడ దీపం అక్కర్లేదనీ గైడ్లు చెబుతారు. కొంత అతిశయోక్తి ఉన్నా, మెరుపు వెనుక ఆలోచన ఉందన్న మాట కొట్టిపారేయలేనిది. బయట ఏనుగుల వరుస నడిచే పట్టీ మీద, బ్రాకెట్లుగా నిలిచిన మదనికల మీద ఇలాంటి వాలు వెలుగు పెట్టి, వంతులవారీగా నెమ్మదిగా ఒక వైపు నుంచి మరో వైపుకు మార్చితే, వీడియో ఒక్క ఫ్రేమ్ అయినా లేకుండా శిల్పం కదిలినట్టు కనిపిస్తుంది. 2021 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన గుడికి ఇంతకంటే పెద్ద అలంకారం అవసరం లేదు.

గర్భగుడి లోపల అసలు నియమమే చీకటి. మూలవిరాట్టు కనిపించేది హారతి వెలుగులో. పూజారి కర్పూరం వెలిగించి పాదాల నుంచి ముఖం దాకా తిప్పేటప్పుడు దర్శనం ఆ కొన్ని క్షణాలే. ఆ కదిలే మంటకు తగ్గట్టే కళ్లకు వెండి తొడుగులు, నుదుటికి నామం ఉంటాయి. తిరుమల గర్భాలయంలో ఇప్పటికీ నూనె, నెయ్యి దీపాలే తప్ప కరెంటు దీపం లేదు. ఊళ్ల గుళ్లలో ఈ పట్టింపు ఎప్పుడో పోయింది. గోడలకు బాత్రూం టైల్స్, పైన తెల్లటి ఎల్‌ఈడీ ట్యూబు, విగ్రహం తల వెనుక గిర్రున తిరిగే రంగుల చక్రం. ఇది భక్తిలో లోటు కాదు. వెలుగు ఎంత ఎక్కువైతే అంత మర్యాద అన్న లెక్క. ఇదే లెక్క పెద్దదై ప్రభుత్వ ప్రదర్శనగా బయటికొస్తుంది.

జాతర వెలుగును మాత్రం ఇదే గాటన కట్టకూడదు. కీసరగుట్ట మీద శివరాత్రికి, ఊరూరా బోనాలకు, వినాయక చవితికి వేసే సీరియల్ సెట్లు, వెదురు బొంగుల చట్రాల మీద వేలాది చిన్న బల్బులతో కట్టిన శివుడు, నెమలి, రథం బోర్డులు ఒక జానపద కళ. కంట్రోలర్ పెట్టెలో ఏ వరుస ఎప్పుడు వెలగాలో, ఎప్పుడు ఆరాలో ముందే అమర్చుతారు. గంగ కిందికి దూకుతున్నట్టు, డమరుకం ఊగుతున్నట్టు కనిపించేది ఆ వెలగడం ఆరడం వల్లనే. సినిమాకు మూలసూత్రం ఇదే. ఈ పని చేసేవాళ్ల పేర్లు ఏ గ్యాలరీ గోడ మీదా ఉండవు. పైగా ఇది పండగ మూడోనాటికి విప్పేసేది. రాయికి మేకు దిగనంత వరకు కట్టడానికి వచ్చే నష్టం లేదు. చిక్కంతా ఇటీవల జతకట్టిన డీజే, షార్పీ లైట్లతోనే. ఆకాశాన్ని కోసే ఆ కిరణాలకు గుడితో సంబంధమే ఉండదు.

శాశ్వతంగా పెట్టే దీపాలు కట్టడానికి చేసే చెరుపు మెల్లగా బయటపడుతుంది. మొదటిది రంధ్రాలు, తీగలు. వెయ్యేళ్ల రాతిలో డ్రిల్లు దించిన చోట నీరు చేరి, పొర లేస్తుంది. రెండోది పురుగులు. తొలకరికి లేచే ఉసిళ్లు శిల్పాల దగ్గరి దీపానికి మూగుతాయి, వాటి వెంట బల్లులు, సాలెగూళ్లు, మరకలు. మూడోది రంగులు వెలిసిపోవడం. వెలుగుకు తేలిగ్గా వెలిసే వర్ణచిత్రాలున్న చోట వెలుగు 50 లక్స్ దాటకూడదన్నది మ్యూజియంల ప్రమాణం. ఒక మామూలు ఆఫీసు గదిలో ఉండే వెలుగులో ఇది పదో వంతో, అంతకంటే కొంచెం ఎక్కువో. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు చిత్రాల మీదికి సెల్‌ఫోన్ టార్చి కొట్టి చూపించే గైడుకు ఈ లెక్క ఎవరూ చెప్పరు.

అనుమతుల దారి కూడా సూటిగా లేదు. కేంద్ర రక్షిత కట్టడాలకు 1958 నాటి చట్టం వర్తిస్తుంది. 2010 సవరణ ప్రకారం చుట్టూ 100 మీటర్లు నిషిద్ధం, ఆపై 200 మీటర్లు నియంత్రితం. ప్రొజెక్టర్ గది కట్టాలన్నా ఈ గీతలు చూసుకోవాలి. రాష్ట్ర కట్టడాలకు 2017 నాటి తెలంగాణ వారసత్వ చట్టం ఉంది. పూజలు జరిగే గుడైతే దేవాదాయ శాఖ, ఆషూర్‌ఖానా అయితే వక్ఫ్ బోర్డు, చర్చి అయితే డయోసిస్. వీటన్నిటి సంతకాలయ్యాక కూడా అర్చకుణ్నో, మతపెద్దనో, రోజూ వచ్చే భక్తుణ్నో అడిగే ఏర్పాటు ఏ ఫారంలోనూ లేదు. డరమ్‌లో గొడవ వచ్చాక అడ్డుతెరలు కట్టి సర్దుకున్నారు. ఇక్కడ గొడవ వస్తే ప్రదర్శన ఆగిపోవడమో, అర్చకుడు మౌనంగా ఊరుకోవడమో జరుగుతుంది. రెండూ మంచివి కావు.

అన్నిటికంటే బలహీనమైనది నిర్వహణ. ఈ విషయంలో మధ్యయుగాల దాతలు ఇప్పటి టెండర్ల కంటే ముందున్నారు. ద్రాక్షారామ భీమేశ్వరాలయంలో పదకొండు, పన్నెండు శతాబ్దాల శాసనాలు వందలకొద్దీ ఉన్నాయి. వాటిలో పెద్ద భాగం అఖండదీపాల దానాలే. దీపం ఒక్కంటికి 50 ఇనుపయెడ్లు, అంటే గొర్రెలు, లేదా 25 ఆవులు ఇవ్వడం మామూలు కొలత. దాత పేరుతో పాటు ఆ మందను పట్టుకున్న బోయ పేరు, అతడు రోజూ గుడికి పోయాల్సిన మానెడు నెయ్యి, అతడి కొడుకుల మీదా మనుమల మీదా ఉండే బాధ్యత రాతి మీద చెక్కి ఉంటాయి. తంజావూరు చోళుల శాసనాల్లో ఇదే కొలత 96 గొర్రెలు, లేదా 48 ఆవులు. గొర్రె చస్తే మందలో పిల్ల పుడుతుంది గనుక మూలధనం తరగదు. దీపస్తంభం ఖరీదు కంటే, అందులో రోజూ పోసే నెయ్యి ఎక్కడి నుంచి వస్తుందన్నదే దానపత్రంలో అసలు భాగం.

ఇవాళ్టి దీపదానంలో ఆ భాగమే లోపిస్తోంది. లేజర్ ప్రొజెక్టర్ కాంతిమూలం సుమారు 20,000 గంటలు నడుస్తుందని తయారీదార్లు చెబుతారు. రోజుకు రెండు గంటల చొప్పున లెక్కవేస్తే పాతికేళ్లకు పైమాటే. వాస్తవంలో దాన్ని చంపేది గంటలు కాదు. వేసవి దుమ్ము, వానాకాలపు చెమ్మ, ఎలుకలు కొరికిన కేబుల్, చల్లదనం కోసం పెట్టిన ఏసీ ఆగిపోవడం, సాఫ్ట్‌వేర్ తెలిసిన ఒక్క ఉద్యోగి బదిలీ కావడం. ప్రారంభోత్సవానికి నిధులు ఒక పద్దు కింద వస్తాయి, ఏటేటా మరమ్మతుకు పద్దే ఉండదు. సాంకేతిక కారణాల వల్ల ప్రదర్శన లేదని గేటు దగ్గర కాగితం అంటించడం పర్యాటకులకు అలవాటైన దృశ్యం.

మేడ్చల్, శామీర్‌పేట పరిసరాల్లో భూముల ధరలు పెరిగాక గుళ్లకు డబ్బు వచ్చింది. గోపురాలకు కొత్త రంగులు, ప్రాకారాలకు ఫోకస్ లైట్లు పడుతున్నాయి. వాటిలో కీసరగుట్ట ప్రత్యేకమైనది. విష్ణుకుండినుల కాలపు కట్టడాలు, ఇటుక నిర్మాణాల పునాదులు తవ్వకాల్లో బయటపడిన కొండ అది, రామలింగేశ్వరుడి గుడి నిత్యపూజలతో సజీవంగా ఉంది. అలాంటి చోట కోట్ల రూపాయల లేజర్ షో కంటే ముందు చేయదగ్గవి చిన్న పనులు: ఇటుక పునాదుల వెంట మోకాలెత్తున వాలు దీపాలు, రాతిలో మేకు దిగకుండా విడిగా నిలిచే స్టాండ్లు, ఉసిళ్లు మూగని పసుపు రంగు వెలుగు, రాత్రి గుడి మూసే వేళకు అన్నీ ఆరిపోయే టైమరు. వీటికి ఏటా అయ్యే ఖర్చు ఎంతో, ఏ ఆదాయంలోంచి వస్తుందో, ఎవరు చూసుకోవాలో పని మంజూరు చేసే ఉత్తర్వులోనే రాయాలి. శివరాత్రి జాతర టెండర్లలో లైటింగ్‌కు ఎలాగూ ఒక పద్దు ఉంటుంది. అందులోంచి కొంత ఏటా పక్కనపెట్టి బ్యాంకులో వేస్తే, ఆ వడ్డీతోనే ఈ దీపాల బల్బులు మారతాయి.